ఎంబీఏ ఏ కాలేజీలో చేయాలి? ఉద్యోగం నుంచి వెనక్కి లెక్కేసుకోండి

ర్యాంకు కార్డు రాగానే మన దగ్గర మొదట వినిపించే ప్రశ్న "దీనికి ఏ కాలేజీ వస్తుంది?" అని. ఎంసెట్ కౌన్సెలింగ్ నేర్పిన అలవాటు ఇది. అందే వాటిలో కాస్త పేరున్న కాలేజీ పట్టుకుంటే చాలు, తర్వాత సంగతి తర్వాత. బీటెక్‌లో ఇది కొంతవరకు నడుస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎన్నో కాలేజీలకి వెళ్లి ఇంచుమించు ఒకే ఉద్యోగం, ఒకే జీతం ఇస్తాయి కాబట్టి. ఎంబీఏలో అలా కాదు. ఒకే సబ్బుల కంపెనీ కొద్ది క్యాంపస్‌లకి బ్రాండ్ మేనేజర్ల కోసం వెళ్తుంది, చాలా క్యాంపస్‌లకి డీలర్ల చుట్టూ తిరిగే సేల్స్ వాళ్ల కోసం వెళ్తుంది. బ్రోచర్లలో మాత్రం రెండు చోట్లా అదే లోగో. అందుకని ముందు ఏ ఉద్యోగం కావాలో తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి కాలేజీ దాకా రండి. అదెలాగో వరసగా చెప్తాను.

1. ఉద్యోగం పేరు కాగితం మీద పెట్టండి

ఎంబీఏ అయిన మూడేళ్లకి మీరు ఏ ఉద్యోగంలో ఉండాలనుకుంటున్నారో రాయండి. "మంచి ప్యాకేజీ", "మేనేజ్‌మెంట్ సైడ్" అని రాస్తే కుదరదు. "హైదరాబాద్ ఫార్మా కంపెనీలో మార్కెటింగ్", "బెంగళూరులో ఫిన్‌టెక్ ప్రొడక్ట్ మేనేజర్", "బ్యాంకులో కార్పొరేట్ క్రెడిట్ (కంపెనీలకి అప్పులిచ్చే పని)", "గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీ నేనే చూసుకోవడం" ఇలా ఉండాలి. పని, రంగం, ఊరు మూడూ కనపడాలి. ఒక్కటి తేల్చుకోలేకపోతే రెండు రాయండి. మూడోది రాస్తున్నారంటే ఇంకా ఆలోచించలేదన్నమాట.

తర్వాత నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో ఆ పేరు కొట్టి ఓ ఇరవై ప్రకటనలు చదవండి. ఎంబీఏ అడుగుతున్నారా? "ప్రీమియర్ ఇన్‌స్టిట్యూట్" నుంచే కావాలంటున్నారా? ఎన్నేళ్ల అనుభవం అడుగుతున్నారు? డేటా అనలిస్టు ఉద్యోగాలకి చాలా చోట్ల ఎంబీఏ అక్కర్లేదు. ఈక్విటీ రీసెర్చ్ (షేర్ల విశ్లేషణ) కావాలనుకునే బీకామ్ కుర్రాడికి మామూలు కాలేజీ ఎంబీఏ కంటే సీఏ గానీ సీఎఫ్‌ఏ గానీ బలంగా పనిచేస్తుంది. ఈ ఒక్క సాయంత్రం పనితో కొందరికి అసలు ఎంబీఏ అవసరం లేదని తేలిపోతుంది. అదీ లాభమే.

2. ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏ క్యాంపస్‌కి వెళ్తున్నారో చూడండి

మెకిన్సే, బీసీజీ, బెయిన్ లాంటి కన్సల్టింగ్ సంస్థలే కావాలంటే దారి ఇరుకు. అహ్మదాబాద్, కలకత్తా, బెంగళూరు ఐఐఎంలు, హైదరాబాద్ ఐఎస్‌బీ, ఇంకొద్ది చోట్లు. "ఏదో ఒక ఐఐఎంలో చేరితే చాలు, అక్కడి నుంచి కన్సల్టింగ్‌లోకి దూరొచ్చు" అనుకునేవాళ్లలో చాలామందికి అది కుదరదు. ఐఐఎం అనే మూడక్షరాలు ఒకటే అయినా, 1961లో మొదలైన అహ్మదాబాద్‌కీ 2015లో మొదలైన విశాఖపట్నానికీ వచ్చే కంపెనీల జాబితాలు ఒకటి కావు. విశాఖ ఐఐఎం మంచిది కాదని కాదు. మీ ఉద్యోగం దాని జాబితాలో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

హెచ్‌ఆర్ అయితే జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబై టిస్. హెచ్‌ఆర్‌లోనే ఉండాలని గట్టిగా అనుకున్నవాళ్లు కొత్త ఐఐఎం పేరు చూసి ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ హెచ్‌ఆర్ సీటు వదులుకుంటే నాకైతే అర్థం కాదు. ఆపరేషన్స్, సప్లై చెయిన్‌కి ఐఐఎం ముంబై. 2023 దాకా ఎన్‌ఐటీఐఈ అని పిలిచినది ఇదే. ప్రకటనలు, బ్రాండ్ల ప్రచారం అంటే అహ్మదాబాద్‌లోని మైకా. ఎగుమతి వ్యాపారానికి ఐఐఎఫ్‌టీ. దీనికి కాకినాడలో కూడా క్యాంపస్ ఉంది, ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల కోర్సు అక్కడ నడుస్తోంది. భీమవరం వైపు రొయ్యల ఎగుమతి చేసే ఇళ్లలో పిల్లలుంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన పక్కనే ఉండి మనవాళ్లు సరిగా చూడనివి కొన్ని ఉన్నాయి. అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్లకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్ సంస్థ ఉంది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల కంపెనీలు, వ్యవసాయ రుణాలిచ్చే బ్యాంకులు కావాలంటే అక్కడి అగ్రిబిజినెస్ కోర్సు నేరుగా పనికొస్తుంది. అహ్మదాబాద్ ఐఐఎంలోనూ ఆహార, వ్యవసాయ వ్యాపారానికి వేరే కోర్సు ఉంది. సహకార సంఘాలు, పాల వ్యాపారం, పల్లె మార్కెట్లు అంటే అమూల్ కురియన్ 1979లో పెట్టిన, గుజరాత్ ఆనంద్‌లోని ఇర్మా. బీఫార్మసీ వాళ్లకి బాలానగర్ నైపర్‌లో ఫార్మా ఎంబీఏ ఉంది. ఆసుపత్రుల నిర్వహణకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కోర్సు ఉంది. సివిల్ ఇంజినీర్లకి నిర్మాణ రంగ మేనేజ్‌మెంట్ నేర్పే నిక్‌మార్ ఉంది. సొంత వ్యాపారం చూసుకునే ఇంటి పిల్లలకి ఐఎస్‌బీలోనూ, ముంబై ఎస్‌పీ జైన్‌లోనూ ఫ్యామిలీ బిజినెస్ కోర్సులు వేరే నడుస్తాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అక్కర్లేని మనిషి ప్లేస్‌మెంట్లకి పేరున్న కాలేజీకి అంత ఫీజు కట్టడం దేనికి?

ఒక రంగానికే పరిమితమైన కోర్సులో చేరేముందు ఒక్క సంగతి. రంగం మీద మీకు అనుమానం లేకపోతేనే చేరండి. నిక్‌మార్‌లో చేరి, రెండో ఏడాదిలో "నాకు బ్యాంకింగ్ కావాలి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఊగిసలాటలో ఉన్నవాళ్లకి జనరల్ ఎంబీఏనే నయం.

రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌తోనే వెళ్లేవాళ్లకి

ఎక్కువమంది ఉండేది ఇక్కడే, సలహాలు తక్కువ దొరికేదీ ఇక్కడే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర లాంటి యూనివర్సిటీల సొంత క్యాంపస్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే, ఎనిమిది పది లక్షలు తీసుకునే, ఊరూపేరూ తెలియని పీజీడీఎం (ఎంబీఏ డిగ్రీ బదులు డిప్లొమా ఇచ్చే) కాలేజీ కంటే అదే మేలు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు తక్కువే కావచ్చు. కానీ నెత్తిన అప్పు ఉండదు, డిగ్రీకి విలువ ఉంటుంది, మిగిలిన డబ్బూ టైమూ ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడానికి పెట్టొచ్చు. ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), ఫార్మా కంపెనీలు, విదేశీ కంపెనీల హైదరాబాద్ ఆఫీసుల్లో ఫైనాన్స్, హెచ్‌ఆర్ టీములు ఇంటర్న్‌లని తీసుకుంటూనే ఉంటాయి. ప్రైవేటు కాలేజీలో చేరేటట్టయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరికి వర్తిస్తుందో ఆ ఏడాది జీవో చూసుకోండి. రెండు రాష్ట్రాల నిబంధనలు ఒకటి కావు, పైగా మారుతుంటాయి. మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్‌లోనో చేరాక "రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం" అని కాలేజీవాళ్లు నోటిమాటగా చెబితే నమ్మొద్దు.

3. ఏడాది కోర్సా, రెండేళ్లదా?

రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది అయ్యాక సుమారు రెండు నెలల సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. రంగం మారాలనుకునేవాళ్లకి అసలు తలుపు అదే. టెస్టింగ్‌లో మూడేళ్లు పనిచేసిన మనిషిని ఏ కంపెనీ నేరుగా మార్కెటింగ్‌లోకి తీసుకోదు. రెండు నెలలు చూశాక నచ్చితే చదువయ్యాక చేరమని ముందే ఉద్యోగం (పీపీఓ) ఇస్తుంది. ఐఎస్‌బీ లాంటి ఏడాది కోర్సుల్లో అంత తీరిక లేదు. చేరిన కొన్ని నెలలకే ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలవుతుంది, పాత అనుభవమే మీ పెట్టుబడి.

కాబట్టి అయిదారేళ్ల అనుభవం ఉండి, అదే దారిలో పైకి వెళ్లాలనుకుంటే ఏడాది కోర్సు. ఒక ఏడాది జీతం మిగులుతుంది. ఒకటి రెండేళ్ల అనుభవంతో గేరు మార్చాలనుకుంటే రెండేళ్లది. ఐఎస్‌బీ ప్రధాన కోర్సుకి కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతుంది. దానికి ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ కాదు, జీమ్యాట్ గానీ జీఆర్‌ఈ గానీ రాయాలి.

4. ప్లేస్‌మెంట్ రిపోర్టు చదవడం నేర్చుకోండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఊరికే ఒక కాలేజీ అనుకుందాం. హోర్డింగ్ మీద "98 శాతం ప్లేస్‌మెంట్, హయ్యెస్ట్ 37 లక్షలు, యావరేజ్ 10 లక్షలు" అని ఉంది. బ్యాచ్‌లో 180 మంది. రిపోర్టు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో "ప్లేస్‌మెంట్‌కి అర్హులు: 150" అని ఉంటుంది. అందులో 147 మందికి ఉద్యోగాలొచ్చాయి, అది 98 శాతం. మరి మిగతా 30 మంది ఏమయ్యారు? హాజరు చాలలేదనో, సబ్జెక్టు తప్పారనో, "సొంతంగా చూసుకుంటాం" అని సంతకం పెట్టారనో వాళ్లని లెక్కలోంచి తీసేశారు. చేరిన 180 మందికి లెక్కేస్తే 82 శాతం కూడా లేదు.

ఇక యావరేజ్. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడేసి లక్షలు, ఒక్కరికి 37 లక్షలు వస్తే సగటు పది లక్షలు తేలుతుంది. ఆ పదిమందిలో పది లక్షలు వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. అందుకే మీడియన్ అడగాలి, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండే అంకె. ఇక్కడ అది ఏడు లక్షలు. మీడియన్ చెప్పకుండా హయ్యెస్ట్ ఒక్కటే అరిచి చెప్పే కాలేజీని అక్కడికక్కడే జాబితాలోంచి కొట్టేసినా నష్టం లేదు.

మీడియన్ వాళ్లు చెప్పకపోయినా దొరికే చోటు ఒకటుంది. కేంద్రప్రభుత్వ ర్యాంకుల పద్ధతి ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే కాలేజీలు తాము ఇచ్చిన వివరాలని తమ వెబ్‌సైట్లో పెట్టాలి. చాలా వాటిలో హోమ్‌పేజీ అట్టడుగున చిన్న లింకు కనిపిస్తుంది. ఆ పీడీఎఫ్ తెరిచి "పీజీ రెండేళ్లు" అనే పట్టిక దగ్గరికి వెళ్లండి. ఆ బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, సమయానికి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకి వెళ్లారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. హోర్డింగ్ అంకెని దీని పక్కన పెట్టి చూడండి. పెద్ద యూనివర్సిటీ అయితే మొత్తం యూనివర్సిటీ ఫైలు కాకుండా మేనేజ్‌మెంట్ విభాగం ఫైలే తెరవండి. లేకపోతే ఎంటెక్, ఎమ్మెస్సీ వాళ్ల అంకెలన్నీ కలిసిపోతాయి.

ఆ ర్యాంకుని మాత్రం మరీ నెత్తిన పెట్టుకోవద్దు. మేనేజ్‌మెంట్ ర్యాంకింగ్‌లో పరిశోధన విభాగానికి 30 శాతం, చదువు పూర్తయ్యాక ఫలితాలకి 20 శాతం బరువు ఉంటుంది. ప్రొఫెసర్ల పరిశోధనా పత్రాలు విలువైనవే, కానీ మీ ఉద్యోగానికీ వాటికీ సంబంధం దూరం. ఇరవయ్యో ర్యాంకుకీ ముప్ఫయ్యో ర్యాంకుకీ తేడా చూసి నిద్ర పాడుచేసుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

జీతంలో కూడా లోపలికి వెళ్లాలి. సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 14 లక్షలంటే అందులో ఫిక్స్‌డ్ ఎంత, టార్గెట్ కొడితే వచ్చేది ఎంత, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్ ఎంత? అహ్మదాబాద్ ఐఐఎం చొరవతో వచ్చిన ఐపీఆర్‌ఎస్ పద్ధతిలో రిపోర్టు ఇచ్చే కాలేజీలు వీటిని విడివిడిగా చూపించి, బయటివాళ్లతో ఆడిట్ చేయిస్తాయి. ఆడిట్ అయిన రిపోర్టుకీ రంగుల బ్రోచర్‌కీ నమ్మకంలో చాలా తేడా ఉంది.

చివరగా, ఏ పనికి ఎంతమందిని తీసుకున్నారో వెతకండి. "ఫైనాన్స్‌లో 40 శాతం" అని ఉన్నచోట ఆ నలభైలో ఎక్కువమంది బ్యాంకు బ్రాంచీల్లో పాలసీలు, ఫండ్లు అమ్మే రిలేషన్‌షిప్ మేనేజర్లు కావచ్చు. అమ్మకం తక్కువ పని కాదు. మీరు కాగితం మీద కార్పొరేట్ క్రెడిట్ అని రాసుకుంటే మాత్రం అది ఇది కాదు.

5. చదివినవాళ్లతో మాట్లాడండి

లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీకి వెళ్లి, అలుమ్‌నై అనే చోట నొక్కి, అయిదేళ్ల కిందట పాసైన బ్యాచ్ ఎంచుకోండి. ఎక్కడ పనిచేస్తున్నారో, ఏ పనిలో ఉన్నారో కనిపిస్తుంది. మొదటి ఉద్యోగం క్యాంపస్ ఇప్పించింది, అయిదేళ్ల తర్వాత ఎక్కడున్నారన్నది అసలు చదువు సంగతి చెప్తుంది. మీరు రాసుకున్న ఉద్యోగంలో పదిమందైనా కనపడకపోతే ఆలోచించాల్సిందే.

వాళ్లలో మనవాళ్లని వెతికి రెండు ముక్కలు రాయండి. "నమస్తే అన్నా, మాది విజయనగరం. మీ కాలేజీలో సీటు వచ్చింది, ఆపరేషన్స్ వైపు వెళ్లాలని ఉంది. వీలైనప్పుడు ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా?" ఇంతే చాలు. పదిమందికి రాస్తే ఇద్దరు ముగ్గురు పలుకుతారు. తెలుగులో మాట్లాడితే ఇంకాస్త మనసు విప్పుతారు. "కాలేజీ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతటితో అయిపోతుంది. ఇలా అడగండి: మీ బ్యాచ్‌లో చివరి పాతికమందికి ఏం ఉద్యోగాలొచ్చాయి? సమ్మర్ ఇంటర్న్‌షిప్ కాలేజీ చూపించిందా, మీరే వెతుక్కున్నారా? అనుకున్న కంపెనీ మీ ఏడాది వచ్చిందా, వస్తే ఎంతమందిని తీసుకుంది? ఏ సీజీపీఏ దగ్గర ఆపేసింది? మొదటి ప్రశ్నకి వాళ్లు కాసేపు ఆగి చెప్పే జవాబులో సగం రిపోర్టు ఉంటుంది. కాలేజీ అడ్మిషన్ సెల్ వాళ్లే నంబరిచ్చి "వీళ్లతో మాట్లాడండి" అన్నవాళ్ల మాట కాస్త తగ్గించి తీసుకోండి.

6. డబ్బు లెక్క

పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు ఇరవై లక్షలు దాటింది. 20 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 26,400 కట్టాలి. చదువుతున్నన్నాళ్లూ పెరిగే వడ్డీ దీనికి అదనం. దీనికి వదులుకునే జీతం కూడా కలపండి. ఏడాదికి ఎనిమిది లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రెండేళ్లంటే ఇంకో 16 లక్షలు.

కాలేజీ మీడియన్ జీతంలో ఫిక్స్‌డ్ భాగం తీసుకుని, చేతికొచ్చేది లెక్కేసి, ఈఎంఐ అందులో మూడో వంతు దాటితే ఆ కాలేజీకి దూరంగా ఉండమంటాను. హయ్యెస్ట్ ప్యాకేజీ మనకే వస్తుందన్న ధైర్యంతో ఎవరూ అప్పు చేయకూడదు. ఈ లెక్కలో ఢిల్లీ యూనివర్సిటీ ఎఫ్‌ఎంఎస్‌ని కొట్టేది లేదు. ఫీజు పెద్ద ఐఐఎంలతో పోలిస్తే నామమాత్రం, కంపెనీలు మాత్రం పెద్దవే.

బ్యాంకులో ఇంకో సంగతి తెలుస్తుంది. ఎస్‌బీఐ స్కాలర్ లోన్ కింద కాలేజీలని తరగతులుగా విభజించి జాబితా పెట్టింది. పై తరగతి కాలేజీలకి పెద్ద మొత్తాలు కూడా తాకట్టు లేకుండా ఇస్తుంది. మీ కాలేజీకి పొలం కాగితాలు పెట్టమన్నారంటే, అప్పు తిరిగొస్తుందన్న నమ్మకం బ్యాంకుకే తక్కువన్నమాట. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికైన సంస్థల్లో సీటొస్తే హామీ, తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపయితే పది లక్షల దాకా అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ఆ జాబితాలో మీ కాలేజీ ఉందేమో చూసుకోండి.

అమెరికా వెళ్లాలనుకుంటే ఈ లెక్క ఇంకా గట్టిగా వేయాలి. అక్కడ ఎంబీఏకి స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) గుర్తింపు ఉంటే చదువయ్యాక మూడేళ్ల దాకా పనిచేయొచ్చు, లేకపోతే ఏడాదే. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్‌1బీకి లాటరీ. ఒకే యూనివర్సిటీలో ఒక కోర్సుకి స్టెమ్ ఉండి, ఇంకోదానికి లేకపోవచ్చు. అందుకని కోర్సు పేరు పెట్టి అడగండి.

7. పరీక్షలు, సర్టిఫికెట్లు

పరీక్షలన్నీ గుడ్డిగా రాయొద్దు, మీ జాబితాలో మిగిలిన కాలేజీలు అడిగేవే రాయండి. క్యాట్ నవంబరు చివర్లో ఉంటుంది, దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి రాసే ఎక్స్‌ఏటీ జనవరిలో. సింబయాసిస్‌కి స్నాప్, ఎన్‌ఎంఐఎంఎస్‌కి ఎన్‌మ్యాట్. ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఆ బరువు ఒక్కో ఐఐఎంలో ఒక్కోలా ఉంటుంది. 99 పర్సంటైల్ దాటినా పిలుపు రాని వాళ్లుంటారు. మీ పాత మార్కులు బాగా లేకపోతే వాటికి తక్కువ బరువిచ్చే సంస్థలు వెతికి పెట్టుకోండి.

బీసీ విద్యార్థులు ఒకటి గమనించాలి. మన రాష్ట్రాల బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా అచ్చంగా ఒకటి కావు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోండి. ఐసెట్‌కి పెట్టిన బీసీ సర్టిఫికెట్ ఐఐఎం ఇంటర్వ్యూలో చెల్లదు. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ ఇంటర్వ్యూల సీజన్‌లో పెట్టుకోకుండా ముందే పని కానివ్వండి. ఈడబ్ల్యూఎస్ వాళ్లు సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోవాలి.

8. డబ్బు కట్టేముందు

పీజీడీఎం అయితే సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి ఆ ఏడాదికి ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్లోనే చూడండి. రేపు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే దాన్ని ఎంబీఏతో సమానమని యూనివర్సిటీల సంఘం ఏఐయూ గుర్తించిందా అని కూడా అడగండి. కన్సల్టెన్సీ పేరుతో ఫోన్ చేసి "సీటు బ్లాక్ చేస్తాం, ఈరోజే పాతికవేలు కట్టండి" అనేవాళ్లకి కాలేజీ నుంచి కమీషన్ వస్తుంది. మీకు ఏ కాలేజీ సరిపోతుందన్నది వాళ్లకి పట్టదు.

మంచి కాలేజీల ఫలితాలు వచ్చేలోపే మామూలు కాలేజీల గడువులు ముగుస్తాయి. అందుకని కట్టేముందు రీఫండ్ నిబంధన రాతపూర్వకంగా తీసుకోండి. ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో తరగతులు మొదలవకముందే మానుకుంటే, వెయ్యి రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతాది తిరిగివ్వాలన్నది నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉంచుకోవడానికీ వీల్లేదు. చూపించి, పోల్చుకున్నాక అక్కడే వెనక్కి తీసుకోండి. "ఆఫీసులో సార్ లేరు, తర్వాత ఇస్తాం" అంటే సార్ వచ్చేదాకా అక్కడే కూర్చోండి.